పదకొండు మేకులు

మా మరిది పడవ ఇంజన్ల షెడ్డులో ముప్ఫై ఎనిమిదేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాక, ఇంట్లో కాలు నిలవక, ఇసుకలో నాణేలు వెతికే యంత్రం ఒకటి కొన్నాడు. పొడుగాటి కర్ర, దాని చివర గిన్నె మూతంత చక్రం, చెవులకు రెండు డొప్పలు. ఇసుకకు నాలుగు వేళ్ల ఎత్తులో ఆ చక్రాన్ని అటూ ఇటూ ఊపుకుంటూ నడవాలి. కింద ఇనుమో రాగో సీసమో ఏదుంటే దాన్నిబట్టి ఒక్కో గొంతుతో కుయ్యిమంటుంది. కుయ్యిమన్నచోట చిల్లుల పారతో తవ్వి ఊపితే ఇసుక కారిపోయి వస్తువు మిగులుతుంది. పొద్దున్నే తీరం వెంట నడకకు వచ్చేవాళ్లు అతన్ని చూసి, "ముసలాయన ఇసుకకు ఇస్త్రీ చేస్తున్నాడు" అని నవ్వుకునేవాళ్లు.

ఆర్నెల్లలో అతనికి దొరికినవి చెప్తాను వినండి. సీసా మూతలు బకెట్టెడు. తాళంచెవులు పద్నాలుగు, వాటిలో ఒక్కదానికీ తాళం లేదు. ఒక చెంచా. ఎవరిదో కట్టుడుపళ్ల తీగ. పాత నాణేలు మూడంటే మూడు, అవీ అరిగిపోయి వాటి మీద ఎవరి బొమ్మ ఉండేదో దేవుడికే తెలియాలి.

"కొండను తవ్వి ఎలుకను పట్టావు మరిదీ," అనేదాన్ని టీ గ్లాసు చేతికిస్తూ.

"నాకు ఎలుకైనా దొరికింది వదినా. కదలకుండా కూర్చున్నదానివి, నీకు అదీ లేదు," అనేవాడు.

మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. మా ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, మా తోడికోడలు అంతకు రెండేళ్ల ముందే పోయింది. పొద్దున టీ పెట్టడం నా వంతు, నా ఇంట్లో ఏది ఊడినా బిగించడం అతని వంతు. అతనింట్లో అల్మరా నిండా పాత బిస్కెట్ డబ్బాలే. నట్లకొకటి, బోల్టులకొకటి, వాషర్లకొకటి. ఏదీ పారేయడు. ఆ వాషర్ల డబ్బాను కాస్త గుర్తుపెట్టుకోండి, దానితో పనుంది.

మా తీరంలో ఒకప్పుడు చెక్కలతో కట్టిన రేవు ఉండేది. అక్కణ్ణించి ఎదురు దీవికి పడవలు నడిచేవి. ఆ రేవులో టిక్కెట్లు ఇచ్చేది మా నాన్న. నాకు తొమ్మిదో ఏడు వచ్చిన సంవత్సరం పెద్ద తుపాను వచ్చి రేవునూ, నాన్న కూర్చునే గదినీ ఒక్క రాత్రిలో ఊడ్చుకుపోయింది. ఇప్పుడు నాకు డెబ్బై ఆరు. మొన్నామధ్య మునిసిపాలిటీ వాళ్లకు ఆ రేవు గుర్తొచ్చింది. "పాత పడవల రేవు ఇక్కడ ఉండేది" అని రాయి చెక్కించి తీరంలో పాతుతామన్నారు. తెలిసిన పెద్దవాళ్లు వచ్చి చెప్పండి అని మీటింగు పెట్టారు.

నన్ను పిలిచి మాట్లాడమంటే ఎలా ఉంటుందో మీకు తెలియదు. అరగంట మాట్లాడాను. మా అమ్మాయి ఆ ఆఫీసులోనే గుమాస్తా, మీటింగులో ఎవరేమన్నారో పుస్తకంలో రాసే పని తనది. తల పైకెత్తకుండా రాసుకుంటూ కూర్చుంది. సిగ్గుతో ఎత్తలేదని నాకు తెలుసు.

వాళ్ల ఇంజనీరు కుర్రవాడు, చెవి మీద పెన్సిలు పెట్టుకునే రకం. పాత మ్యాపు బల్ల మీద పరిచాడు. "వాగు సముద్రంలో కలిసే చోటు నుంచి ఉత్తరంగా రెండువందల గజాలు, మామ్మగారూ. కొలిచి గుంజ కూడా పాతేశాం."

"నాయనా, ఆ తుపానులో వాగు కూడా పక్కకు జరిగింది. నువ్వు ఇప్పటి వాగు నుంచి కొలిచావు," అన్నాను.

"వాగు జరిగినట్టు ఎక్కడా రాసి లేదండీ."

"రాయడానికి ఎవడున్నాడు, అందరం ఇళ్ల కప్పులు ఏరుకుంటున్నాం."

జనం నవ్వారు. ఆ నవ్వుతో నాకు ఊపొచ్చి ఇంకా చెప్పాను. బడి అయిపోగానే నేను నాన్న గదికి పోయి, టిక్కెట్ల కిటికీ కింద బోర్లించిన పెట్టె మీద కూర్చునేదాన్ని. వెనక్కి తిరిగితే ఐసు ఫ్యాక్టరీ కప్పు, ఆ కప్పు నడినెత్తిన లైట్‌హౌసు తల, గిన్నె మూతకు పిడి పెట్టినట్టు కనిపించేది. అదీ ఆ చోటు గుర్తు. ఇంకో గుర్తు, నాన్న ముందున్న బల్ల. ఆ రోజుల్లో సీసం కరిగించి, పైన రాగిరంగు పూసి దొంగ నాణేలు పోసేవాళ్లు. నాన్న ప్రతి నాణెం అంచు బొటనవేలితో తడిమేవాడు. మంచిదానికి అంచు గరుగ్గా ఉంటుంది, దొంగదానికి నున్నగా ఉంటుంది. నున్నగా తగిలిందా, తిరిగి ఇచ్చేవాడు కాదు, ఇస్తే ఇంకొకణ్ణి ముంచుతాడని. బల్ల మీదే పెట్టి, నాలుగు పలకల ఇనుప మేకు తీసుకుని, నడుమ దిగ్గొట్టేవాడు. ఇక్కడ పప్పులుడకవని వచ్చేవాళ్లకూ పోయేవాళ్లకూ తెలియడానికి.

"ఆ బల్ల మీద పదకొండు మేకులుండేవి," అన్నాను.

"మేకులు కూడా లెక్కపెట్టారా మామ్మగారూ?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. మళ్లీ నవ్వు. ఇంజనీరు మర్యాదస్తుడు, నవ్వలేదు. మ్యాపు మడతపెట్టాడంతే.

ఇంటికొచ్చాక మా అమ్మాయి చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది. "అమ్మా, నిన్న పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయావు. మొన్న బీరువా తాళం ఫ్రిజ్‌లో దొరికింది. అరవై ఏడేళ్ల కిందటి మేకులు గుర్తున్నాయంటే ఎవరు నమ్ముతారే?"

"పాలు వేరు, మేకులు వేరు."

"రెండూ ఒకే తలలో ఉన్నాయి కదా. పై మంగళవారం జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను. ఆయన బాగాలేదంటే ఇక్కడ ఒంటరిగా వద్దు, మా ఇంటికి వచ్చేయ్."

అది చెడ్డది కాదు, భయపడుతోంది. కానీ ఆ రాత్రి నాకూ భయమేసింది. నేను మూడో తరగతి దాటలేదు. నా దగ్గర పుస్తకాల్లేవు, కాగితాల్లేవు. నేను చూసిందంతా ఈ తలలోనే ఉంది. రేవు దగ్గరే తప్పానంటే, మిగతాదంతా కూడా నేను అల్లుకున్నదేనేమో. పై సోమవారం రాయి పాతుతారు, ఆ మర్నాడే డాక్టరు. ఈలోగా నా మాట నిజమో కాదో తేలాలి. ఊరికోసం కాదు, నాకోసం.

మరిది టీ తాగుతూ అంతా విన్నాడు. "రేవంటే జనం వదినా. జనమంటే జేబులు. జేబులో చెయ్యిపెట్టిన ప్రతిచోటా చిల్లర రాలుతుంది. రేవు పోయినా రాలింది ఇసుకలోనే ఉంటుంది. వాళ్ల గుంజ దగ్గర చూస్తాను, నీ చోటా చూస్తాను. ఎక్కడ పాత నాణేలుంటే అక్కడ రేవు."

"ఏమీ దొరక్కపోతే?"

"సీసా మూతలుంటే సారా కొట్టు."

మర్నాటి నుంచి ఆటుకు నీళ్లు వెనక్కి పోయే వేళ చూసుకుని ఇద్దరం బయల్దేరాం. నేను మడత స్టూలు, టీ ఫ్లాస్కు పట్టుకుని. గుంజ చుట్టూ రెండు పొద్దులు వెతికాడు. మూతలు, డబ్బా రేకులు, పిల్లల బొమ్మకారు చక్రం. మూడోరోజు నా చోటికొచ్చాం. ఐసు ఫ్యాక్టరీ ఇప్పుడు గిడ్డంగి అయింది గానీ కప్పు అదే. వీపు సముద్రానికి పెట్టి, పీతలాగా పక్కకు పక్కకు జరిగాను. లైట్‌హౌసు తల కప్పు నడినెత్తికి వచ్చినచోట ఆగాను. గుంజకు మూడువందల అడుగుల పైన దూరంలో ఉన్నాను.

"ఇదిగో, ఈ గీత మీద ఎక్కడో," అన్నాను.

అక్కడ యంత్రం బాగానే కూసింది. స్టూలు మీంచి లేచాను. మరిది తవ్వాడు, ఊపాడు, చూశాడు, నిట్టూర్చాడు. "వాషరు."

ఇంకోచోట కూసింది. "ఇదీ వాషరే." మధ్యాహ్నానికి అరడజను, మర్నాడు ఇంకో మూడు. అన్నిటినీ జేబులో వేసుకుని, ఇంటికెళ్లి వాషర్ల డబ్బాలో పడేశాడు, అలవాటు కదా.

"ఇన్ని వాషర్లు ఇక్కడెందుకుంటాయి?" అన్నాను.

"సీసం వాషర్లు వదినా. రేకుల కప్పుకు మేకు కొట్టేటప్పుడు నీళ్లు కారకుండా అడుగున వేస్తారు. పడవలకూ వేస్తారు. ఇవి చేత్తో చేసినవి, పాతకాలం పని. నేను షెడ్డులో చేరిన కొత్తలో ఇట్లాంటివి వేలు చూశాను." అని, కాస్త తటపటాయించి, "ఇక్కడ ఏదో రేకుల షెడ్డు ఉండేదేమో. నీ రేవు కాదు," అన్నాడు.

ముప్ఫై ఎనిమిదేళ్లు వాషర్లతో బతికినవాడు చెప్తుంటే నేనేమంటాను. స్టూలు మడిచాను. ఇంటికొచ్చాం. పొయ్యి వెలిగించి, ఆర్పి, మళ్లీ ఆర్పానో లేదో చూసుకున్నాను. మూడుసార్లు.

గురువారం ఈదురుగాలి, పెద్ద అలలు, వాన. నా వెనక వరండా రేకుల్లోంచి నీళ్లు ధారగా కారాయి. శుక్రవారం పొద్దున వాన వెలిశాక మరిది నిచ్చెన వేసుకుని వచ్చాడు. నోటి మూల నాలుగు మేకులు, ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో వాషర్ల డబ్బా.

"దేవుడు ఊరికే ఇవ్వడు వదినా. నీ కప్పుకు కావలసినవి నీ చోటే దొరికాయి," అని, డబ్బా నా దగ్గర పెట్టి నిచ్చెన ఎక్కాడు. "పైనున్న ఆ సీసం వాషర్లు ఒక్కొక్కటి అందించు."

ఒకటి అందించాను, టకటక కొట్టాడు. రెండోది అందించాను, అదీ కొట్టాడు. మూడోది తీశాను. ఇసుక పట్టి ఉందని చీర చెంగుతో తుడుస్తున్నాను, నా ధ్యాస పొయ్యి మీద ఉంది. బొటనవేలు దానంతటదే అంచు వెంట తిరిగింది.

నున్నగా తగిలింది.

అరవై ఏడేళ్లయింది నేను అలా తడిమి. నాన్న నా వేలు పట్టుకుని తిప్పించేవాడు. "కళ్లు మూసుకో. ఇప్పుడు చెప్పు, దొరా దొంగా?" అనేవాడు. నేను "దొంగ" అంటే మేకు నా చేత పట్టించి తను సుత్తి వేసేవాడు.

వెలుతురుకు పట్టుకుని చూశాను. చిల్లు గుండ్రంగా లేదు, పలకలుగా ఉంది. సరిగ్గా నడుమనా లేదు. చిల్లు పక్కన తెల్లటి పొర కింద ఓడ తెరచాప సగం కనబడింది. మా చిన్నప్పటి నాణేనికి ఒకవైపు ఓడ బొమ్మ ఉండేది.

"అందించవేం వదినా, కాళ్లు లాగుతున్నాయి."

"మరిదీ, కొట్టిన రెండూ పీకు."

"ఇప్పుడే కదా కొట్టాను."

"అవి వాషర్లు కావు. మా నాన్న కొట్టిన దొంగ నాణేలు."

అతను నోట్లో మిగిలిన మేకులు చేతిలోకి ఉమ్మాడు. కిందికి దిగి, కళ్లజోడు పెట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నిచ్చెన మెట్టు మీద కూర్చున్నాడు.

"చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాను," అన్నాడు.

"ఊరంతా వెతికితే పరవాలేదు. పిల్లకు మేకు కూడా కొట్టావు."

మా అమ్మాయికి ఫోన్ చేశాం. అరగంటలో ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చింది, చంకలో మీటింగు పుస్తకం. ఇంజనీరు భూతద్దంతో ఒక్కొక్కటీ చూశాడు. తొమ్మిదింటిలో ఒకటి పక్కకు తీసిపెట్టి, "ఇది మాత్రం నిజంగానే వాషరు," అన్నాడు.

"చెప్పలేదూ?" అన్నాడు మరిది, ప్రాణం లేచొచ్చినట్టు.

ఇంజనీరు పెన్సిలు చెవి మీద నుంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "మామ్మగారూ, ఇవి దొంగ నాణేలే, మేకు కొట్టినవే. కానీ ఎక్కడ దొరికాయో నేను చూడలేదు కదా. అన్నీ ఒకే డబ్బాలో ఉన్నాయి. రేపు పొద్దున నా ఎదురుగా ఆ చోట ఇంకొక్కటి దొరికితే రాయి జరుపుతాను. లేకపోతే నాకూ పైవాళ్లున్నారు."

న్యాయమైన మాటే. కోపం రాలేదు, నిద్ర కూడా రాలేదు.

శనివారం ఆటు వేళకు నలుగురం తీరంలో ఉన్నాం. అలలు రెండు రోజులు తన్ని తన్ని ఇసుకను మోకాలి లోతున లాక్కుపోయాయి, కింద గట్టి నేల బయటపడింది. నేను మళ్లీ పీత నడక నడిచి నా చోట నిలబడ్డాను. మరిది చెవి డొప్పలు పెట్టుకున్నాడు. రెండడుగులు వేశాడో లేదో యంత్రం గోలగోలగా కూసింది.

"ఉంది, ఉంది," అని ఇంజనీరు ముందుకొచ్చాడు. ఇంకా గట్టిగా కూసింది. వెనక్కి జరిగాడు, తగ్గింది.

మరిది డొప్పలు తీశాడు. "బాబూ, మీ బూట్ల ముందు ఇనుప రేకుందా?"

"పని బూట్లండీ."

"అయితే అవి ఎక్కడుంటే అక్కడ రేవే. విప్పండి."

ఇంజనీరు బూట్లు, మేజోళ్లు విప్పి, ప్యాంటు మడిచి, తడి ఇసుకలో కొంగలాగా నిలబడ్డాడు. మా అమ్మాయి మొహం పక్కకు తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి, నవ్వుతోందన్నమాట.

ఒక గంట ఏమీ లేదు. ఒక మూత. ఒక మూత. ఇంకో మూత. అలలు మళ్లీ ముందుకు రావడం మొదలైంది. మా అమ్మాయి నా పక్కకొచ్చి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. "దొరక్కపోయినా పరవాలేదమ్మా," అంది నెమ్మదిగా. అంటే దొరకదనుకుంటోంది.

అప్పుడు యంత్రం కూసింది. గట్టిగా కాదు, లోతుగా, పిల్లి గురకలాగా. మరిది మోకాళ్ల మీద కూర్చున్నాడు. పార పక్కన పడేసి చేతులతో తవ్వాడు. మోచేయి దాకా దిగాక ఆగి, "వదినా, చెక్క," అన్నాడు.

ఇంజనీరు కూడా కూర్చుని తవ్వాడు. నల్లగా, నీళ్లు తాగి బరువెక్కిన చెక్క ముక్క, మూరెడు పొడుగు. మరిది దాన్ని సముద్రపు నీళ్లలో కడిగి నా ఒళ్లో పెట్టాడు. దాని మీద వరసగా మూడు పలకల మేకులున్నాయి, తుప్పు పట్టి లావెక్కి. రెంటి కింద నాణేలు అలాగే ఉన్నాయి. మూడోదాని కింద ఏమీ లేదు.

నా వేలు ఆ రెండింటి అంచుల మీద తిరిగింది.

ఇంజనీరు మా అమ్మాయి దగ్గర పుస్తకం తీసుకుని మీటింగు రోజు పేజీ తెరిచాడు. నేను అరగంట వాగిందంతా ఉంది అందులో. ఒక్క ముక్క వదల్లేదు. పెట్టె, పిడి, బొటనవేలు, అన్నీ. సిగ్గుతో తల ఎత్తలేదనుకున్నాను. వదిలిపోకుండా రాసుకోవడానికి ఎత్తలేదు పిచ్చితల్లి.

"పదకొండు మేకులు," అని చదివాడు. వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "డబ్బాలో ఎనిమిది, ఇక్కడ రెండు. నాణేలు పదే ఉన్నాయి మామ్మగారూ."

"నేను చెప్పింది మేకులు నాయనా. నాణేలని ఎక్కడైనా అన్నానా చూడు."

మళ్లీ చదివాడు. ఖాళీ మేకు వైపు చూశాడు. "నిజమే. మరి దీని నాణెం ఏమైంది?"

"సముద్రానికి తెలియాలి," అన్నాను.

అతను ఉత్త కాళ్లతోనే అటు పరుగెత్తి, తన గుంజ పీకి తెచ్చి, నేను నిలబడ్డచోట దిగ్గొట్టాడు. రాయి సోమవారం అక్కడే పాతారు, ఇప్పటికీ ఉంది.

టీ పెడతానని మరిది చెక్క పట్టుకుని ముందు వెళ్లిపోయాడు. నేనూ మా అమ్మాయీ మెల్లగా నడుస్తున్నాం. సగం దారిలో ఆగింది.

"అమ్మా, ఆ మూడో నాణెం."

"ఊఁ."

"నీ మొహం నాకు తెలుసు."

చెప్పాను. తుపానుకు ముందు ఏడాది తీరంలోకి రంగులరాట్నం వచ్చింది. నాన్నను అడిగితే రేపన్నాడు. రేపు మళ్లీ రేపయింది. ఒక సాయంత్రం ఆయన పడవ కట్టించడానికి పోయినప్పుడు, మేకు కదిపి కదిపి లాగి, నాణెం తీసుకుని, మేకును మళ్లీ దాని బెజ్జంలో గుచ్చేశాను. చిల్లు మీద సబ్బు మెత్తి, బొగ్గుపొడి రాసి, రంగులరాట్నం వాడికిచ్చాను. అతను మర్నాడు దీవికి పోతూ టిక్కెట్టు కోసం దాన్నే మా నాన్న చేతిలో పెట్టాడు.

"అయ్యో. తాతయ్య ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. అంచు తడిమాడు. సబ్బు వాసన చూశాడు. కింద పెట్టె మీద కూర్చున్న నా వైపు ఒకసారి చూశాడు. అతన్ని అలాగే పడవెక్కించి, నాణెం జేబులో వేసుకున్నాడు. తర్వాత సుత్తి తీసుకుని ఆ ఖాళీ మేకును గట్టిగా దిగ్గొట్టాడు. తుపాను వచ్చేదాకా రోజూ దాన్ని చూస్తూ కూర్చున్నాను. అట్లాంటి మేకును ఎవరు మర్చిపోతారే?"

మా అమ్మాయి అక్కడే ఒక మెట్టు మీద కూర్చుని నవ్వింది. కళ్లు తుడుచుకుని, "ఎన్ని చుట్లు తిరిగావు?" అంది.

"మూడు. పచ్చ గుర్రం మీద. దానికి ఒక చెవి లేదు."

"పుస్తకంలో రాయనా ఇది?"

"మంగళవారం డాక్టరును చూశాక రాద్దువుగాని. ఆయన నా తల బాగాలేదంటే తప్పు నా మీదికి రాదు."

వీధి మలుపు తిరిగేసరికి మాడు వాసన వచ్చింది. నేను గబగబా నడిచాను. వంటింట్లో పాలు పొంగి, పొయ్యంతా కారి, గిన్నె నల్లబడి ఉంది. మరిది బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఆ ఒక్క అసలు వాషరును కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

"బాబాయ్," అంది మా అమ్మాయి పొయ్యి ఆర్పుతూ, "మంగళవారం నువ్వు కూడా రా."